అశోక సింహాల నమూనా కొంటున్నారా? అది శిల్పమా, చిహ్నమా ముందు తేల్చుకోండి

జ్ఞాపికల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ "అశోక స్తంభం" అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకటి, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు సారనాథ్‌లో నిలబెట్టిన స్తంభం పైనుండే సింహాల శిరోభాగం. రెండోది, 1950 జనవరి 26న భారత గణతంత్రం స్వీకరించిన జాతీయ చిహ్నం. దాన్ని చూసే దీన్ని గీశారు, నిజమే. అయినా రెండూ ఒకటి కావు. సగం శిల్పం, సగం చిహ్నంగా ఉండే సరుకు మార్కెట్లో ఎక్కువ. రిటైరయ్యే ఉద్యోగికో, సివిల్స్‌కి ఎంపికైన పిల్లలకో, బడిలో బహుమతికో కొనేవాళ్లు ముందు ఈ తేడా పట్టుకుంటే మిగతా ఎంపిక సులువవుతుంది.

ఈ సమీక్ష ఏ ఒక్క తయారీదారు గురించీ కాదు. 10 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో దొరికే రకాలను, అంటే ఇత్తడి పోత, గిల్టు వేసిన జింక్, రెసిన్, చెక్క, రేకు పలకలను, దేనిలో ఏం బాగుంటుంది, ఏది ఎక్కడ చెడుతుంది అన్న లెక్కన చూస్తున్నాం. పోల్చుకోవడానికి పక్కన రెండు వస్తువులు పెట్టుకోండి: మీ పాస్‌పోర్టు అట్ట, ఒక పది రూపాయల నాణెం. రెండింటి మీదా ఉన్నది చిహ్నం. శిల్పానికి మాత్రం సారనాథ్ మ్యూజియంలోని అసలు రాతి ఫొటోలు కావాలి, అవి కూడా నాలుగు వైపుల నుంచీ తీసినవి.

అసలు రాయిలో ఏముంది, చిహ్నంలో ఏం మిగిలింది

1905 మార్చిలో ఎఫ్.ఓ. ఓర్టెల్ తవ్వకాల్లో బయటపడిన ఈ శిరోభాగం ఎత్తు సుమారు 2.15 మీటర్లు. చునార్ ఇసుకరాయి, ఒకటే బండ. రెండు వేల ఏళ్లు దాటినా ఒంటి మీద అద్దంలాంటి మౌర్యుల కాలపు నునుపు ఉంది. కింది నుంచి చూస్తే మొదట గంట ఆకారంలో బోర్లించిన తామర. దాని మీద గుండ్రటి పట్టీ. పట్టీ చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం, వాటి మధ్య నాలుగు చక్రాలు, ఒక్కో చక్రానికి 24 ఆకులు. పట్టీ మీద వీపులు ఆనించుకుని నాలుగు సింహాలు. సింహాలకు ముందు భాగాలే చెక్కారు. వెనక శరీరాలు ఒకే దిమ్మెలో కలిసిపోతాయి. వాటన్నిటి పైన 32 ఆకుల పెద్ద ధర్మచక్రం ఒకటి ఉండేది. అది విరిగిపోయి ముక్కలుగానే దొరికింది.

బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన చోటు సారనాథ్. దాన్నే ధర్మచక్రాన్ని తిప్పడం అన్నారు. కాబట్టి ఇక్కడి శిల్పంలో చక్రం ఒక అలంకారం కాదు, అసలు విషయమే అది. శాక్యసింహుడన్నది బుద్ధుడి పేరు. నాలుగు దిక్కులకూ తిరిగి నోరు తెరిచిన సింహాలు ఆ చక్రాన్ని మోసే వాహకాలు. పట్టీ మీది నాలుగు జంతువులకు వ్యాఖ్యానాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నాలుగు దిక్కులని కొందరంటారు. మాయాదేవి కలలోకి వచ్చిన ఏనుగు, ఇల్లు విడిచిన రాత్రి ఎక్కిన గుర్రం అంటూ బుద్ధుడి జీవితానికి ముడిపెట్టేవారు కొందరు. ఏ అర్థం తీసుకున్నా అవి నాలుగూ ఉండాలి, నాలుగూ ఒకే వైపుకు, ఒకదాని వెనక ఒకటిగా సాగాలి.

చిహ్నం దగ్గరికొచ్చేసరికి ఇదంతా ఒక బల్లపరుపు బొమ్మగా మారింది. ఎదుటి నుంచి కనిపించేవి మూడే సింహాలు. మధ్యలో ఒక చక్రం, చూసేవారికి కుడివైపు ఎద్దు, ఎడమవైపు పరుగెత్తే గుర్రం, రెండు అంచుల్లో పక్క చక్రాల గీతలు మాత్రమే. తామర తీసేశారు. పైన ఉండిన పెద్ద చక్రమూ లేదు. కింద దేవనాగరిలో "సత్యమేవ జయతే" చేరింది. అది ముండకోపనిషత్తులోని మాట. రాజ్యాంగం మూలప్రతి పుటలను అలంకరించిన నందలాల్ బోస్ బృందంలో దీనానాథ్ భార్గవ ఈ సింహాలను గీశారు. అందుకోసం కోల్‌కతా జంతుప్రదర్శనశాలకు వెళ్లి బతికున్న సింహాల కదలికలు గమనించారు. బ్రిటిష్ రాజు బొమ్మ తీసేసి సింహాలను పెట్టిన ఒక రూపాయి నోటు 1949లోనే వచ్చింది. 1950లో నాణేల మీదికీ వచ్చాయి. పింగళి వెంకయ్య జెండాలోని రాట్నం స్థానంలోకి 1947 జూలై 22న వచ్చిన చక్రం కూడా ఈ పట్టీ మీదిదే. జెండా, చిహ్నం రెండూ ఒకే రాతి నుంచి పుట్టాయన్నమాట.

దుకాణంలో వాడుకోవడానికి వీలైన పరీక్ష ఇక్కడే దొరుకుతుంది. ఏనుగు కనిపిస్తే అది శిల్పం. అక్షరాలు కనిపిస్తే అది చిహ్నం. తామర ఉంటే శిల్పం, లేకపోతే చిహ్నం. తామరా ఉండి, అక్షరాలూ ఉంటే ఎవరో రెండింటినీ కలిపి వండారని అర్థం. నాలుగు సింహాలూ పూర్తిగా ఉండి, తామర లేకుండా, చదరపు దిమ్మె మీద అక్షరాలు చెక్కిన ఇత్తడి బొమ్మ మార్కెట్లో బాగా తిరుగుతుంది. చూడ్డానికి బాగుండొచ్చు. కానీ దాన్ని సారనాథ్ నమూనా అని అమ్మితే ఒప్పుకోకండి.

చక్రం దగ్గర దొరికిపోతారు

నమూనా ఎంత శ్రద్ధగా చేశారో చెప్పేది సింహం ముఖం కాదు, చక్రం. ముఖం మీద అందరూ కష్టపడతారు, ఎందుకంటే కొనేవాడి కన్ను మొదట పడేది అక్కడే. చక్రం ఆకులు లెక్కపెట్టేవాళ్లు తక్కువ.

చిన్న లెక్క. చక్రం వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత దాదాపు 6.3 సెంటీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే ఒక్కో ఆకుకూ, దాని పక్క ఖాళీకీ కలిపి అంచు దగ్గర 2.6 మిల్లీమీటర్లు వస్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా ఇరుకు. చక్రం 1.2 సెంటీమీటర్లే అయితే అంచు దగ్గర కూడా 1.6 మిల్లీమీటర్లే. ఇసుక అచ్చులో పోసిన ఇత్తడికి ఇంత సన్నని పని అందదు. ఇసుక రేణువుల గరుకే ఆ ఖాళీలను మింగేస్తుంది. అందుకని పనివాడు 16 ఆకులతోనో 12తోనో సరిపెడతాడు, లేదా పోత అయ్యాక ఉలితో గీతలు గీసి వదిలేస్తాడు. శిల్పం నిష్పత్తి పాటిస్తే 2 సెంటీమీటర్ల చక్రం రావాలంటే బొమ్మ మొత్తం 15 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. అంతకంటే చిన్నదాంట్లో 24 ఆకులు ఆశించడం ఇసుక పోతలో అత్యాశే. మైనం పోతలోనూ (మైనపు బొమ్మ మీద అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి) రెసిన్‌లోనూ అయితే అడగొచ్చు.

ఈ ఇబ్బంది ప్రభుత్వానికీ తెలుసు. జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే 2005 నాటి చట్టం అనుబంధంలో చిహ్నానికి రెండు నమూనాలు ఇచ్చారు. ఉత్తరాల కాగితాలు, ముద్రల వంటి చిన్న వాడకానికి వివరాలు తగ్గించిన గీత ఒకటి. పెద్ద పరిమాణానికి జూలు, కండరాలు వివరంగా ఉన్నది రెండోది. పెద్ద నమూనాను కుదించి చిన్న వస్తువు మీద అచ్చేస్తే జూలు మొత్తం నల్లటి మచ్చలా తయారవుతుంది. కీచెయిన్లు, బ్యాడ్జీల మీద కనిపించే ముద్దలకు కారణం చాలావరకు ఇదే.

చక్రం ఉండే చోటు కూడా చూడండి. ఒక్కో చక్రం ఒక్కో సింహం ఛాతీకి సరిగ్గా కింద ఉండాలి. జంతువులు రెండు సింహాలు కలిసే సందు కిందికి రావాలి. పై భాగాన్నీ పట్టీనీ విడిగా పోసి మరతో బిగించే రకాల్లో, బిగింపు కొంచెం తిరిగితే సింహం కింద గుర్రం వచ్చేస్తుంది. ఇది మరమ్మతు చేసుకోదగ్గ తప్పే. అడుగున నట్టు ఉంటే వదులు చేసి తిప్పి మళ్లీ బిగిస్తే సరి. అతికించేసినదైతే వద్దు.

ఇంకొక తప్పు తరచూ కనిపిస్తుంది. చక్రానికి రెండు పక్కలా ఎద్దు, గుర్రం ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు పెడతారు. రెండు వైపులా సమంగా ఉంటే అందమని అలా చేస్తారు గానీ, అసలులో అవి ఒకే దిక్కుకు పోతుంటాయి. చక్రం తిరుగుతోందన్న భావమంతా ఆ నడకలోనే ఉంది. ఎదురెదురు పెట్టగానే అది ఆగిపోతుంది.

లోహం: బరువు చెప్పే నిజాలు

నిండు పోతలో ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. 10 సెంటీమీటర్ల బొమ్మ 400 గ్రాములుంటే, అదే ఆకారంలో 20 సెంటీమీటర్లది 3.2 కిలోలుండాలి. "20 సెంటీమీటర్లు, గట్టి ఇత్తడి, 900 గ్రాములు" అని రాసి ఉంటే అది డొల్ల పోత, లేదా ఇత్తడే కాదు. డొల్ల కావడం తప్పేమీ కాదు. పెద్ద కంచు విగ్రహాలు చాలావరకు డొల్లవే. కొత్త పార్లమెంటు భవనం మీద 2022 జూలై 11న ఆవిష్కరించిన కంచు సింహాలు 6.5 మీటర్ల ఎత్తు, 9,500 కిలోలు. దాన్ని అదే నిష్పత్తిలో 15 సెంటీమీటర్లకు కుదిస్తే 117 గ్రాములే తూగుతుంది. తప్పల్లా డొల్లను గట్టి అని చెప్పి గట్టి ధర తీసుకోవడంలో ఉంది.

ఇత్తడో కాదో ఇంట్లోనే తేల్చవచ్చు. వంటింటి డిజిటల్ కాటా చాలు. ముందు బొమ్మను పొడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. బొమ్మకు దారం కట్టి, గిన్నె అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. డొల్లదైతే వాల్చి లోపలి గాలి బయటికి పోనివ్వండి. అప్పుడు కాటా చూపే గ్రాములే ఆ వస్తువు ఘనపరిమాణం. పొడి బరువును దీనితో భాగించండి. 1,275 గ్రాముల బొమ్మ నీళ్లలో 150 చూపిస్తే 8.5 వస్తుంది, ఇత్తడే. అదే 150కి పొడి బరువు 1,000 గ్రాములైతే దాదాపు 6.7, అది జింక్ మిశ్రమం. 2.7 దగ్గరైతే అల్యూమినియం. నాలుగు, అయిదు లాంటి మధ్య అంకె వస్తే లోపల గాలి మూసుకుపోయిందనో, ప్లాస్టర్ నింపారనో అనుమానించాలి. అడుగున ఫెల్టు గుడ్డ, చెక్క దిమ్మె ఉంటే ఈ పరీక్షకు ముందు విప్పాలి, విప్పడం కుదరకపోతే నీళ్లలో పెట్టకండి. అయస్కాంతం పట్టి చూడడం సగం పరీక్షే. అది ఇనుమునైతే పట్టిస్తుంది, జింక్‌ను పట్టివ్వదు.

జింక్ మిశ్రమాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొట్టి పోస్తారు కాబట్టి పదును బాగా వస్తుంది. చక్రం ఆకులు, ఎద్దు మూపురం, గుర్రం కాళ్లు ఇసుక పోత ఇత్తడి కంటే స్పష్టంగా ఉంటాయి. బలహీనత పూతలో ఉంది. సింహాల ముక్కులు, ముందు పంజాలు, పట్టీ అంచు, ఇలా చేతికి తగిలే ఎత్తైన చోట్ల గిల్టు అరిగి కింది తెల్లటి బూడిద రంగు బయటపడుతుంది. ఒకసారి బయటపడ్డాక తుడిచేకొద్దీ పెరుగుతుంది. అద్దాల బీరువాలో ఉంచి, ముట్టుకోకుండా చూసుకునేవాళ్లకు ఇది చవకలో మంచి ఎంపిక. బల్ల మీద కాగితాల బరువుగా వాడేవాళ్లకు పనికిరాదు.

ఇసుక పోత ఇత్తడిలో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి. ఒకటి, సింహం నోరు. అసలులో నోరు తెరిచి ఉంటుంది. ఇక్కడ లోహం నిండిపోయి, పైన గీతలా మిగిలిందా? రెండు, రెండు సింహాల మధ్య సందు. అచ్చు రెండు సగాలు కలిసిన గీత అక్కడే దాస్తారు. ఆకురాయితో సరిగా రాయకపోతే గోటికి తగులుతుంది. మూడు, జూలు. సారనాథ్ సింహాల జూలు మంట నాలుకల్లాంటి కుచ్చులుగా, వరుసలు వరుసలుగా దిగుతుంది. మెరుగు చక్రం మీద ఎక్కువసేపు పట్టిన బొమ్మలో ఆ కుచ్చుల అంచులు కరిగి, దువ్విన జుట్టులా చదునుగా అయిపోతుంది. తళతళ ఎక్కువగా ఉన్న బొమ్మలో వివరం తక్కువ ఉండడం యాదృచ్ఛికం కాదు. రెండూ ఒకే చేత్తో జరిగిన పని. మెరుపు కొంచెం తగ్గినా జూలు నిలిచిన బొమ్మే తీసుకోండి. మైనం పోతలో ఈ మూడు ఇబ్బందులూ తక్కువ. అందుకే ధర ఎక్కువ, అది ఇవ్వదగ్గ ధరే.

రెసిన్, చెక్క, రేకు

వివరం విషయంలో రెసిన్‌దే పైచేయి. రబ్బరు అచ్చు వెంట్రుకవాసి గీతను కూడా పట్టుకుంటుంది. రాతిపొడి కలిపిన రకం చునార్ రాతి రంగుకు దగ్గరగా కూడా వస్తుంది. శిల్పం నమూనా కావాలనుకునేవాళ్లు బంగారు రంగు ఇత్తడి కంటే ఈ ఇసుకరాయి రంగు రెసిన్‌నే చూడాలని మా అభిప్రాయం. సారనాథ్‌లోని రాయి బంగారు రంగులో ఉండదు కదా. దీని లోపం పెళుసుతనం. కింద పడితేనే కాదు, కొరియర్ పెట్టెలో కూడా కింది దవడ, చెవులు, పట్టీ అంచు పెచ్చులూడతాయి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే రంగు పసుపుకు తిరుగుతుంది. అసిటోన్, థిన్నర్ దగ్గరికి రానీయకూడదు.

చెక్కలో షీషమ్ గట్టిది, కానీ జూలు కుచ్చులు చెక్క పోగుకు అడ్డంగా వచ్చే చోట చివరలు విరుగుతాయి. ఒకే దుంగ నుంచి తీశారా, ముక్కలు అతికారా అన్నది అడుగు భాగంలో పోగు చూస్తే తెలుస్తుంది. వలయాలు తెగకుండా కొనసాగితే ఒకటే దుంగ. సరిగా ఆరని చెక్క రాయలసీమ, ఉత్తర తెలంగాణ ఎండలకు ఒక వేసవిలోనే పైనుంచి కిందికి బీట వారుతుంది. ఆ బీట సింహం ముఖం మీదుగా కూడా పోవచ్చు. అడుగున సన్నని రంధ్రాలు, కింద పిండిలా రాలిన పొడి ఉంటే పురుగు పట్టిన చెక్క, తీసుకోవద్దు.

గాజులో లేజరుతో చెక్కినవి చిహ్నానికీ శిల్పానికీ దేనికీ న్యాయం చేయవు. త్రీడీ ప్రింట్లలో పొరల గీతలు జూలు మీద మెట్లలా కనిపిస్తాయి. నున్నగా రుద్ది రంగు వేసినవైతేనే చూడండి.

రేకు పలకల గురించి కొంచెం ఆగి చెప్పాలి. చిహ్నం పుట్టడమే ఎదుటి నుంచి చూసే బొమ్మగా పుట్టింది. దానికి వెనక వైపు అంటూ లేదు. అలాంటిదాన్ని గుండ్రటి పోతలో చేయబోతే, చేసేవాడు లేని వెనక భాగాన్ని ఊహించాలి. కలగాపులగం మొదలయ్యేది అక్కడే. ఉబ్బెత్తు పలక మీదైతే ఆ చిక్కు లేదు. మూడు సింహాలు, ఒక చక్రం, ఎద్దు, గుర్రం, అంచుల్లో చక్రాల గీతలు, కింద అక్షరాలు, అన్నీ నిర్ణయించిన చోటే కూర్చుంటాయి. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకును ఉలులతో కొట్టి ఉబ్బెత్తు తీసే పద్ధతి ఇలాంటి పనికి అచ్చంగా సరిపోతుంది. రేకు పనిలో చూడాల్సింది మందం. బొటనవేలితో సింహం ముక్కు మీద మెల్లగా నొక్కితే లోపలికి పోతున్నట్టుంటే రేకు మరీ పలుచన. ఎక్కువ సాగగొట్టిన చోట, అంటే ముక్కు, మోకాళ్ల దగ్గర, సన్నని నెర్రెలున్నాయేమో వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి.

అక్షరాలు

"సత్యమేవ జయతే" లేని చిహ్నం అసంపూర్ణం. ఉన్నా తప్పుగా ఉంటే లేనంత పనే. పోతల్లో చెడేది ఎప్పుడూ రెండు చోట్లే. "త్య" ఒత్తు దగ్గర సగం త పూడిపోయి "సయమేవ"లా కనిపిస్తుంది. "తే" మీది ఏత్వం తలగీత పైన చిన్న వాలు గీతగా ఉంటుంది. మెరుగు పెట్టేటప్పుడు అది అరిగిపోతే "జయత" మిగులుతుంది. హిందీ చదవడం రానివాళ్లు నాణెం పక్కన పెట్టుకుని గీతకు గీత పోల్చుకుంటే చాలు. లోపలికి చెక్కిన అక్షరాల కంటే పైకి లేచిన అక్షరాలు ముందు అరుగుతాయి. విడిగా తగరపు పట్టీ మీద అచ్చేసి అతికించినది మూడు నాలుగేళ్లకు ఊడే అవకాశం ఉంది, అడుగున మేకు ఉన్నదైతే నిలుస్తుంది.

కొన్నాక ఎక్కడ వాడకూడదు

జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే చట్టం 2005లో, వాడకం నియమాలు 2007లో వచ్చాయి. ప్రభుత్వంతో సంబంధం ఉందన్న అభిప్రాయం కలిగేలా చిహ్నాన్ని గానీ, దాన్ని పోలిన నకలును గానీ అనుమతి లేకుండా వాడకూడదు. వాడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒకసారి శిక్షపడినవాళ్లు మళ్లీ చేస్తే జైలు ఆరు నెలలకు తగ్గదు. వ్యాపారం, వృత్తి, ట్రేడ్‌మార్కు కోసం వాడడానికి విడిగా నిషేధం ఉంది. ప్రభుత్వంలో ఇంతకుముందు పనిచేసి దిగిపోయినవాళ్లకు మినహాయింపు లేదు. చట్టం "వ్యక్తి" అన్న మాటలోనే వాళ్లను చేర్చింది.

ఇంట్లో బీరువాలో పెట్టుకున్న నమూనా చూసి ఎవరూ మీ ఇంటిని సర్కారు కార్యాలయం అనుకోరు. అదే బొమ్మను కారు ముందు బిగించినా, దాని ఫొటో విజిటింగ్ కార్డు మీద వేసినా, ట్యూషన్ సెంటర్ బోర్డు మీద పెట్టినా సంగతి వేరు. జ్ఞాపికలు ఇచ్చే ప్రైవేటు సంస్థలు ఎక్కువగా చేసే పొరపాటు చిహ్నం కిందే తమ పేరు చెక్కించడం. సంస్థ పేరు కావాలంటే చిహ్నం జోలికి పోకండి. తామరతో సహా సారనాథ్ శిల్పం నమూనా తీసుకుని, పేరును విడిగా, వెనక్కో అడుగుకో వేయించండి. రాష్ట్రాల చిహ్నాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అమరావతి శిల్పంలోని పూర్ణఘటంతో ఉన్న ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో, కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్న తెలంగాణ చిహ్నంలో కూడా ఈ సింహాలున్నాయి.

చింతపండు ముందు, అడుగున తుడవండి

ఇత్తడిని చూడగానే మన చేయి చింతపండు మీదికి పోతుంది. ముందు దూదిని నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచి, అడుగున కనిపించని చోట రుద్దండి. జిగురుగా పొర ఊడి వస్తే దాని మీద లాకర్ (మెరుపు చెడకుండా వేసే పారదర్శక వార్నిష్) పూత ఉంది. దానికి చింతపండు తగలకూడదు, పొడి మెత్తని గుడ్డే చాలు. పూత కొంత మేర ఊడిన బొమ్మ మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. అలా అయితే పూత మొత్తం తీయించి కొత్తది వేయించాలి, ఉన్నదాని మీద రుద్దితే మచ్చ పెరుగుతుంది. పూత లేని ఇత్తడికి చింతపండు గుజ్జు రెండు నిమిషాలకు మించి ఉంచకండి. పులుపు ఎక్కువసేపు పట్టిస్తే పైపొరలోని జింక్ కరిగి రాగి ఎరుపు తేలుతుంది. జూలు సందుల్లో గుజ్జు మిగిలితే వారంలో చిలుము పడుతుంది. మెత్తని టూత్‌బ్రష్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి పూత లేని ఇత్తడి నెలల్లోనే మసకబారుతుంది. అక్కడివాళ్లు లాకర్ వేసినదే కొనడం మంచిది.

మా ఎంపిక

చిహ్నం కావాలంటే 20 సెంటీమీటర్లకు తగ్గని ఉబ్బెత్తు పలక. శిల్పం కావాలంటే 15 సెంటీమీటర్లు దాటిన మైనం పోత, అంత ఖర్చు వద్దనుకుంటే రాతిపొడి రెసిన్. 10 సెంటీమీటర్లలో ఏది కొన్నా సింహాలు వస్తాయి గానీ చక్రం రాదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లను వెనక వైపు ఫొటో అడగండి. పంపకపోతే వెనక చదునుగా ఉందనే అనుకోవాలి. పెట్టె విప్పేటప్పుడు తలలు పట్టుకుని లాగకండి, తామర లేదా దిమ్మె కింద చేయి పెట్టి ఎత్తండి.

పెట్టే చోటు గురించి ఒక మాట. అసలు స్తంభం శిరస్సుతో కలిపి దాదాపు 15 మీటర్ల ఎత్తు అని అంచనా. అంటే ఆ సింహాలు తలెత్తి చూడడానికి చెక్కినవి. మోకాలి ఎత్తు టీపాయ్ మీద పెడితే పైనుంచి తలలు, వాటి మధ్య పెద్ద చక్రం కాడ దిగిన చోటు తప్ప ముఖాలు కనిపించవు. కంటి ఎత్తు అరలో, చక్రం ఎదురుగా వచ్చేలా పెట్టండి. గుండ్రటి నమూనా అయితే గోడకు ఆనించకుండా వెనక జానెడు చోటు వదలండి. పాస్‌పోర్టు మీద ఎన్నడూ కనిపించని ఏనుగు అటువైపే ఉంది.